ఆహూతులు అంటే ఎవరు? విందుకు వచ్చినవాళ్లను ఎక్కడ ఏమని రాయాలి?

మీరు అడిగినవి రెండు. "చిన్నారుల నృత్యం ఆహూతులను అలరించింది" అని వార్తల్లో రాస్తుంటారు కదా, ఆ ఆహూతులు ఎవరు? ఇంట్లో జరిగే వేడుకకు ఆహ్వాన పత్రిక రాసుకునేటప్పుడు ఆ మాట వాడవచ్చా, లేక అతిథులు అనాలా?

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఆహూతులు అంటే మనం పిలిస్తే వచ్చినవాళ్లు. కార్యక్రమం గురించి రాసే వార్తలోనో, వేదిక మీద చెప్పే వందన సమర్పణలోనో ఆ మాట అందంగా ఉంటుంది. ఆహ్వాన పత్రికలో పెట్టకండి. ఇంటి గుమ్మంలో అసలే వద్దు. ఎందుకో చెప్పాలంటే మాట పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి.

సంస్కృతంలో హ్వే అనే ధాతువుకు పిలవడం అని అర్థం. దానికి ముందు "ఆ" చేరితే దగ్గరికి రమ్మని పిలవడం. ఆహ్వానం అక్కణ్ణుంచే వచ్చింది, ఆహూతుడు కూడా అక్కణ్ణుంచే. మొదటిది పిలుపు, రెండోది ఆ పిలుపు అందుకున్న మనిషి. కాబట్టి ఈ మాట నిలబడాలంటే పిలుపు ఉండి తీరాలి. పిలవకుండా వచ్చినవాడు అనాహూతుడు. మన వాడుకలో దీనికి "పిలవని పేరంటం" అనే చక్కటి మాట ఉండనే ఉంది.

ఇప్పుడు వార్తల సంగతి. టికెట్ కొనుక్కుని నాటకం చూసినవాళ్లను, పార్కులో పాట వినిపిస్తే ఆగి నిలబడ్డవాళ్లను కూడా ఆహూతులు అనేస్తున్నారు. వాళ్లను ఎవరూ పిలవలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు ప్రేక్షకులు, వినడానికి వచ్చినవాళ్లు శ్రోతలు, సభలో కూర్చున్నవాళ్లు సభికులు. పెళ్లి సంగీత్‌లోనో పుస్తకావిష్కరణలోనో పిలుపు అందుకున్నవాళ్లే ఉంటారు కాబట్టి అక్కడ "ఆహూతులను ఆకట్టుకుంది" అనడంలో తప్పు లేదు. రాసే ముందు "వీళ్లను ఎవరైనా పిలిచారా?" అని ఒక్కసారి అడిగి చూసుకోండి, తొంభై పాళ్లు అక్కడే తేలిపోతుంది.

ఇక ఈ మాటతో జరిగే అతి పెద్ద ప్రమాదం అక్షరదోషం. ఆహూతులులో "హూ" దీర్ఘం. దాన్ని కురచ చేసి "ఆహుతులు" అని రాస్తే అర్థం నిప్పులోకి పోతుంది, అక్షరాలా. ఆహుతి వేరే ధాతువు నుంచి వచ్చింది. హు అంటే హోమంలో వేయడం. పూర్ణాహుతి, ప్రాణాహుతి, ఆత్మాహుతి, మంటల్లో ఆహుతి అన్నీ ఆ కోవవే. "విచ్చేసిన ఆహుతులకు స్వాగతం" అని ఫ్లెక్సీ కట్టించారంటే వచ్చినవాళ్లను హోమద్రవ్యం చేసినట్టే. రోమన్ అక్షరాలతో తెలుగు టైప్ చేసే పద్ధతిలో హ్రస్వదీర్ఘాలు ఇట్టే తారుమారవుతాయి. పైగా ఆహుతి అనేది కూడా సరైన మాటే కాబట్టి అక్షరదోషాలు పట్టే సాధనం దాన్ని తప్పుగా చూపించదు. ప్రింటుకు పంపే ముందు ఆ ఒక్క అక్షరాన్ని పెద్దది చేసి చూడండి. ప్రెస్సువాళ్లు మీరు పంపిన టెక్స్టును వాళ్ల ఫాంటులోకి మార్చుకుంటారు, కొన్నిచోట్ల మళ్లీ టైప్ చేస్తారు కూడా. అందుకని మీరు పంపింది సరిగ్గా ఉంటే చాలదు, వాళ్లు వెనక్కి పంపిన ప్రూఫులో చూడాలి.

ఇదే జాతి తప్పు అతిథి విషయంలోనూ ఉంది. "అతిధి" అని ధ ఒత్తుతో రాయడం ఎంత పాతుకుపోయిందంటే, శిలాఫలకాల మీద కూడా కనిపిస్తుంది. సరైన అక్షరం "థ". తిథి ఎలా రాస్తామో అతిథి కూడా అలాగే. ఆతిథ్యం, ఆతిథేయుడు అన్నా ఇదే థ. ఆహ్వానంలో హకు వ ఒత్తు. నోటితో పలికేటప్పుడు వకారం ముందు వినిపిస్తుంది కాబట్టి కొందరు దాన్ని తిరగేసి రాస్తారు. ఇంకొందరు హ్వ దీర్ఘం వదిలేసి "ఆహ్వనం" చేస్తారు. దేవుణ్ణి పూజకు రమ్మని వేడుకునే ఆవాహన వేరే మాట, దాన్ని దీనితో కలపకండి.

పూజ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. షోడశోపచారాల్లో ఆవాహన తరవాత వచ్చే ఆసనం, పాద్యం, అర్ఘ్యం అంటే కూర్చోమనడం, కాళ్లకు నీళ్లివ్వడం, చేతికి నీళ్లివ్వడం. ఇంటికి వచ్చిన మనిషికి చేసే మర్యాదే దేవుడికీ చేస్తున్నాం. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలోని "అతిథిదేవో భవ"ను ఈ వరసలో పెట్టి చదివితే ఆ వాక్యం ఎంత ఆచరణలోంచి వచ్చిందో తెలుస్తుంది.

ఇక అతిథి అంటే ఎవరు? సంప్రదాయ వివరణ ప్రకారం తిథి లేనివాడు అతిథి, అంటే ఫలానా రోజు వస్తానని చెప్పకుండా వచ్చినవాడు. మనుస్మృతి మూడో అధ్యాయంలో ఒక్క రాత్రి మాత్రమే ఉండేవాణ్ణి, నిలకడగా ఉండడు కాబట్టి అతిథి అన్నారు. ఎడతెగక నడవడం అనే అర్థమున్న అత్ ధాతువు నుంచి ఈ మాట వచ్చిందని మరో వ్యుత్పత్తి ఉంది, అంటే బాటసారి అన్నమాట. ఏ దారిన చూసినా పాత అర్థంలో అతిథి పిలవకుండా వచ్చినవాడే. ఆహూతుడు పిలిస్తే వచ్చినవాడు. పుట్టుకలో ఈ రెండూ ఎదురెదురు మాటలు!

అయితే ఆ కారణం చూపించి "పెళ్లికి పిలిచినవాళ్లను అతిథులు అనకూడదు" అని వాదించేవాళ్లతో నేను ఏకీభవించను. ఈనాటి తెలుగులో అతిథి అంటే మనం ఆదరించాల్సిన మనిషి, అంతే. పిలిచామా లేదా అన్నది ఆ మాటలోంచి ఎప్పుడో జారిపోయింది. ముఖ్య అతిథిని నెల ముందే తేదీ అడిగి ఖాయం చేసుకుంటున్నాం కదా. వాడుక స్థిరపడ్డాక వ్యుత్పత్తితో దాన్ని కొట్టకూడదు. ఆహూతులు విషయంలో మాత్రం నేను పట్టుబడతాను. ఎందుకంటే ఆహ్వానం అనే మాట మన మధ్య సజీవంగా ఉంది, చదివేవాడికి ఆ బంధుత్వం తెలుస్తూనే ఉంటుంది.

అతిథి మాటను ఆడవాళ్లకూ మగవాళ్లకూ మార్పు లేకుండా వాడవచ్చు. "అతిథిగా", "అతిథులుగా" అన్న తేడా మాత్రం చూసుకోవాలి. ముగ్గురు పెద్దలు వస్తుంటే "ముఖ్య అతిథులుగా విచ్చేస్తున్నారు" అనాలి. సంధి చేసి ముఖ్యాతిథి అన్నా, విడదీసి ముఖ్య అతిథి అన్నా సరే, కానీ ఒకే పత్రికలో రెండు రకాలు పెట్టకండి. అధ్యక్షత వహించేవారు అతిథుల వరసలోకి రారు, వారిది వేరే పంక్తి. పిలిచినవాడు, అంటే విందు ఇచ్చేవాడు, ఆతిథేయుడు. స్త్రీ అయితే ఆతిథేయురాలు. ఆటల వార్తల్లో ఆతిథ్య జట్టు అంటే సొంత గడ్డ మీద ఆడే జట్టు. దాన్ని అతిథి జట్టు అని రాస్తే అర్థం పూర్తిగా తిరగబడుతుంది.

ఆహ్వానితులు అన్న మాటకూ ఆహూతులుకూ నిఘంటువులో తేడా కనబడదు, వాడుకలో ఉంది. ఆహ్వానితుడు ఇంకా రాకపోవచ్చు, అసలు రాకనే పోవచ్చు. ప్రవేశపత్రం మీద "ఆహ్వానితులకు మాత్రమే" అని రాస్తాం, అక్కడ ఆహూతులు అతకదు. ఆహూతులు అన్నప్పుడు మనిషి వచ్చి మన ఎదుట కూర్చున్నట్టే. ఆహ్వానితులకు మరో స్థిరమైన అర్థం కూడా ఏర్పడింది. కమిటీల్లో, పాలకమండళ్లలో "ప్రత్యేక ఆహ్వానితులు" అని ఉంటారు. తిరుమల తిరుపతి దేవస్థానాల ధర్మకర్తల మండలి వార్తల్లో ఈ మాట మీరు చూసే ఉంటారు. అది హోదా పేరు, విందుతో సంబంధం లేదు.

ఈ తేడా మాటల సరదాకు చెప్పడం లేదు, భోజనాల లెక్కలో నేరుగా తగులుతుంది. నూట యాభై పత్రికలు పంచితే ఆహ్వానితులు నూట యాభై మంది కారు. పత్రిక ఇంటికి వెళ్తుంది, ఇంటిల్లిపాదినీ పిలుస్తుంది. ఇంటికి నలుగురు చొప్పున వేసుకుంటే 600 మంది ఆహ్వానితులు. వచ్చేవాళ్లు అందులో ఎందరో అది ఇంకో అంకె. వంటవాళ్లతో మాట్లాడేటప్పుడు "గెస్టులు 150" అని ఒక్క ముక్కలో చెప్తే, వాళ్లు దాన్ని తలల లెక్కగా తీసుకుని 150 ప్లేట్లకు సరుకు తెస్తారు. "పత్రికలు ఇన్ని, పిలిచిన మనుషులు ఇందరు, భోజనానికి కూర్చుంటారని అనుకుంటున్నది ఇందరు" అని మూడు అంకెలూ విడివిడిగా కాగితం మీద రాసి ఇవ్వండి. బంతి భోజనం పెడితే ఒక్కో బంతికి ఎందరు కూర్చుంటారో కూడా రాయండి, వడ్డించే మనుషుల లెక్క దాన్నిబట్టే ఉంటుంది. పంక్తి నుంచి వచ్చినదే ఈ బంతి.

తెలుగు వ్యాకరణం పెట్టే చిక్కు ఒకటుంది, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. "పిలిచినవాళ్లు" అన్న మాటకు రెండు అర్థాలు. మనల్ని పిలిచినవాళ్లు కావచ్చు, మనం పిలిచినవాళ్లు కావచ్చు. "పిలిచినవాళ్లు ఇంకా రాలేదు" అంటే వింటున్న మనిషి సందర్భాన్నిబట్టి ఊహించుకోవాలి. మాటల్లో ఇబ్బంది లేదు. రాతలో మాత్రం "మేం పిలిచినవాళ్లు" అనో "మమ్మల్ని పిలిచినవాళ్లు" అనో కర్తనో కర్మనో పక్కన పెట్టాల్సిందే. "వచ్చినవాళ్లు"కు ఈ గొడవ లేదు, ఆ క్రియకు కర్మ ఉండదు కాబట్టి. మామూలు రాతలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట కూడా అదే. "పెళ్లికి వచ్చినవాళ్లందరూ", "విందుకు వచ్చినవారు" అంటే చాలు, ఏ అక్షరదోషమూ చొరబడదు.

పార్టీ మాటతో జాగ్రత్త. తెలుగులో పార్టీ అంటే మొదట తట్టేది రాజకీయ పార్టీ. "పార్టీవాళ్లు వచ్చారు" అంటే జెండాలు పట్టుకుని వచ్చారనుకుంటారు. వ్యాపారంలో, ఇళ్ల స్థలాల బేరాల్లో "పార్టీ వచ్చింది" అంటే కొనుగోలుదారు వచ్చాడని. "పార్టీ సభ్యులు" అంటే ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి పుట్టినరోజు వేడుకకో ఉద్యోగ విరమణ విందుకో వచ్చినవాళ్ల గురించి రాసేటప్పుడు "కి" విభక్తి వదలకండి. "పార్టీకి వచ్చినవాళ్లు" అంటే అనుమానం ఉండదు. తెలంగాణలో దావత్ అన్న మాట ఈ పనిని హాయిగా చేస్తుంది. "దావత్‌కు వచ్చినోళ్లు" అంటే ఎవరికీ మరో అర్థం తట్టదు. చిత్రమేమంటే దావత్ కూడా అరబ్బీలో పిలవడం అనే అర్థం నుంచే వచ్చింది, పిలుపే విందుకు పేరైంది. తమిళంలో విరుందు అన్న మాట విందుకూ అతిథికీ రెంటికీ చెల్లుతుంది.

పెళ్లివారు అన్న మాటను పెళ్లికి వచ్చినవాళ్లు అనే అర్థంలో వాడేవాళ్లు కొత్తగా కనిపిస్తున్నారు. అది పొరపాటు. మగపెళ్లివారు, ఆడపెళ్లివారు అంటే ఆ రెండు కుటుంబాలూ, వాళ్ల తరఫు పెద్దలూ. విడిది ఇచ్చేది మగపెళ్లివారికి. భోజనం చేసి తాంబూలం తీసుకుని వెళ్లే సహోద్యోగి పెళ్లివారిలో మనిషి కాడు.

పేరంటానికి వచ్చే స్త్రీని పేరంటాలు అంటారు. చివర లు ఉంది కదా అని బహువచనం అనుకోకండి, ఆ మాట ఏకవచనం. పేరంటాండ్రు, పేరంటాళ్లు అనేవి బహువచనాలు. బొట్టు పెట్టి పిలిచే పిలుపు ఇది. సంప్రదాయంలో ఈ మాట ముత్తైదువల వరకే ఉండిపోయింది. మీ వేడుకకు మీరు ఆడవాళ్లందరినీ పిలుస్తుంటే "మహిళలందరూ రండి" అని విప్పి రాయండి. పేరంటం అన్న మాట చూసి, తనను పిలవలేదనుకుని ఒక అత్తో పిన్నో ఇంట్లోనే ఉండిపోకూడదు. నా మటుకు ఇది వ్యాకరణం కంటే ముఖ్యమైన విషయం.

చుట్టాలు అన్న మాట ఈ రోజు బంధువులకే పరిమితం. స్నేహితులూ వస్తుంటే బంధుమిత్రులు అనాలి. పత్రిక కింద "బంధుమిత్రుల అభినందనలతో" అని వేసేది అందుకే.

భోక్తలు అన్న మాట దగ్గర మాత్రం కచ్చితంగా ఉండాలి. వ్యుత్పత్తి చూస్తే భోజనం చేసేవారే, కానీ తెలుగునాట ఆ మాట ఆబ్దికంలో, శ్రాద్ధంలో భోజనానికి కూర్చునే బ్రాహ్మణులకు స్థిరపడిపోయింది. పెళ్లి భోజనాల గురించి రాస్తూ "భోక్తలందరూ తృప్తిగా" అంటే పెద్దవాళ్ల మనసు కలుక్కుమంటుంది. నిమంత్రణం, ఆమంత్రణం మాటల్లోనూ ఇలాంటి పాత తేడా ఒకటుంది. సంస్కృత వ్యాకరణకర్త పాణిని, లిఙ్ లకారానికి ("చేయాలి", "చేయవచ్చు" లాంటి అర్థాలిచ్చే క్రియారూపానికి) అర్థాలు చెప్పిన సూత్రంలో ఈ రెంటినీ విడివిడిగా పేర్కొన్నాడు. వ్యాఖ్యాతల వివరణ ప్రకారం నిమంత్రణం కాదనడానికి వీల్లేని పిలుపు, శ్రాద్ధ భోజనానికి దౌహిత్రుణ్ణి, అంటే కూతురి కొడుకును, పిలవడం లాంటిది. ఆమంత్రణం రావడం రాకపోవడం మీ ఇష్టం అనే పిలుపు. ఈ రోజు వాడుకలో ఆ గీత చెరిగిపోయింది, ఆహ్వానం రెంటినీ మింగేసింది.

పెద్దకర్మ, సంతాప సభల కాగితాల్లో స్వాగతం, విచ్చేసిన అతిథులు, ఆహూతులు ఏవీ పనికిరావు. "వచ్చిన బంధుమిత్రులు" అన్నంత వరకే.

ఇప్పుడు మీ పత్రిక. ఆహూతులు అక్కడ ఎందుకు వద్దన్నానంటే, పత్రిక మనిషితో ముఖాముఖి మాట్లాడే కాగితం. "మీరు" అనో "తమరు" అనో పిలవాల్సిన చోట ఆహూతులు అంటే ఎదురుగా ఉన్న మనిషి గురించి పక్కవాడితో చెప్పినట్టు ఉంటుంది. పైగా వాళ్లు ఇంకా రాలేదు. "మీరు కుటుంబ సమేతంగా విచ్చేసి, మా ఆతిథ్యం స్వీకరించవలసిందిగా కోరుతున్నాం" అంటే సరిపోతుంది. "సకుటుంబ సపరివార సమేతంగా" అన్నది అలవాటైన మాటే కానీ స అన్నా సమేత అన్నా "కూడిన" అనే అర్థం, ఒకటి ఉంటే చాలు. సకుటుంబంగా అనండి, లేదా కుటుంబ సమేతంగా అనండి. స్వాగతంలోనే సు ఉంది కాబట్టి సుస్వాగతం కూడా ఇలాంటిదే, అయితే దాన్ని ద్వారాల మీద ఇక ఎవరూ ఆపలేరు, ఆపక్కర్లేదు కూడా. విచ్చేయడం మనుషులకు, వేంచేయడం ఎక్కువగా దేవుళ్లకూ పీఠాధిపతులకూ. ముఖ్య అతిథి రాజకీయ నాయకుడైతే విచ్చేస్తారు అంటే చాలు.

వేడుక అయ్యాక ధన్యవాదాలు చెప్పేటప్పుడు స్థాయి చూసుకోండి. హాల్లో మైకు పట్టుకుని పెద్ద సభనుద్దేశించి "ఆహూతులందరికీ కృతజ్ఞతలు" అంటే నిండుగా ఉంటుంది. వాట్సాప్‌లో చుట్టాల గ్రూపులో అదే రాస్తే పరాయివాళ్లతో మాట్లాడినట్టు ఉంటుంది. అక్కడ "వచ్చినందుకు చాలా సంతోషం" అంటే వాళ్లకు దగ్గరగా తగులుతుంది. హాజరైనవారు అన్న మాట మీటింగుల నివేదికకు బాగుంటుంది, హాజరుపట్టీ వాసన ఉంది కాబట్టి వేడుకకు నప్పదు.

ఈ మాటను నిఘంటువులో వెతకబోతే ఒక సూచన. పాత నిఘంటువుల్లో పుంలింగ పదాలను అరసున్నతో, ఆహూతుఁడు అని ఇస్తారు. మొత్తం మాట టైప్ చేస్తే దొరకకపోవచ్చు. "ఆహూత" వరకు మాత్రమే వేసి, మొదటి అక్షరాలను బట్టి వెతికే పద్ధతి ఎంచుకోండి. హూ దీర్ఘం మాత్రం మరవకండి, లేకపోతే ఆహుతి పేజీకి వెళ్తారు.